తలా పిడికెడు

జనవరిలో మా ఊరికి ఆకాశం ఉండదు.
కప్పుల మీద మట్టిరంగు దుప్పటి ఒకటి పరుచుకుంటుంది,
పైనున్న గాలి దాన్ని అదిమిపట్టి లేవనివ్వదు.
సిలేసియాలో పుట్టినవాళ్లం,
ఎవరింట్లో ఏం కాలుతోందో ముక్కుతోనే చెప్పేస్తాం:
తడిబొగ్గు, పాత టైరు, పాలడబ్బా, వార్నిష్ చెక్క.

పురపాలక దళంలో నేను బూడిద తీసేదాన్ని.
నా దగ్గర పొడుగుకాడ గరిటె, గాజుసీసాలు, అంకెలు వేసిన చీటీలు.
మొదట తోబియాష్ డ్రోన్ ఎగరేస్తాడు.
అది చిమ్నీ మీద కాసేపు ఈగలా ముసిరి
తెర మీద ఎర్రగా ఓ అంకె చూపిస్తుంది.
ఆ తర్వాత తలుపు కొట్టేది నేను.

ఆ రోజు తలుపు తీసింది గెర్లిందా.
డెబ్బై తొమ్మిదేళ్లు. రెండు స్వెట్టర్ల మీద భర్త తాలూకు గని కోటు.
వంటింట్లో బీరువా సగమే ఉంది.
తలుపులు రెండూ పొయ్యిలోకి వెళ్లిపోయాయి.
అద్దం మాత్రం గోడకి ఆనించి ఉంది,
వంగి బూడిద తోడుతుంటే అందులో నా టోపీ కనిపించింది.

"ముప్పై ఒక్కేళ్లు మా ఆయన భూమిలోపలికి దిగాడు.
జీతంతో పాటు బొగ్గిచ్చారు, పెన్షన్‌తో పాటూ బొగ్గే ఇచ్చారు.
ఇచ్చిన చెయ్యే ఇప్పుడు రశీదు పుస్తకం పట్టుకొచ్చింది," అంది,
కోపం లేకుండా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు.
బల్ల మీద కొత్త బాయిలర్‌కి పెట్టుకున్న అర్జీ నకలు.
పద్నాలుగు నెలలు. దాని మీద టీకప్పు మరకలు మూడు.
"ముందు మనం కొనాలట, తర్వాత వాళ్లిస్తారట.
ముందే కొనగలిగితే తర్వాత అడుగుతానా?"

కిటికీలోంచి విద్యుత్ కేంద్రం కనిపిస్తోంది,
మూడు గొట్టాలు, తీరిగ్గా చుట్ట కాల్చుకుంటున్న పెద్దమనుషుల్లా.
"వాటి బూడిద ఏ గరిటెతో తీస్తావమ్మా?"
నా గరిటె కాడ ఎనభై సెంటీమీటర్లు.
ఆ మాట పైకి అనలేదు.

గొంతు తగ్గించి తనే అంది:
"పక్కింటి పిల్లాడు, ఓలివియెర్. రాత్రుళ్లు దగ్గుతాడు.
గాలి ఎటు వీస్తోందో చూసే పొయ్యి వెలిగిస్తాను.
గాలి లేని రోజు... వెలిగించకుండా ఉండలేను. చలి.
అప్పుడు గోడకి ఈ పక్క కూచుని దగ్గులు లెక్కపెడతాను.
నిన్న నలభై రెండు.
ఆ నలభై రెండూ గవర్నమెంటువే అని నాకు నేను చెప్పుకుంటాను.
నిద్ర పట్టదు."

జరిమానా రాశాను. ఐదువందల జ్లోటీలు.
కారణం అన్న గడిలో: వార్నిష్ చెక్క.
ఆ గడి ఇంకాస్త పెద్దదైతే ఏం రాసేదాన్నో తెలీదు.
బయట మా జీపు ఇంజను ఆడుతూనే ఉంది, నలభై నిమిషాలుగా,
మేం తిరిగొచ్చేసరికి వెచ్చగా ఉండాలని.
తోబియాష్ ఏదో జోకు చెప్పాడు. నవ్వాను కూడా.

తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ
పిడికిళ్లన్నీ ఒక్క కొలత కాదు.
ఒకరి గుప్పిట్లో కొండ,
ఒకరి గుప్పిట్లో బీరువా తలుపు.
అంతమాత్రాన చిన్న పిడికిలి ఖాళీ అయిపోదు.
పిల్లాడి ఊపిరితిత్తులు ఎవరి ఖాతా వారికి విడిగా రాసుకోవు.

వారం తర్వాత మళ్లీ అదే వీధి.
డ్రోన్ ఆ ఇంటి మీద ఆగింది. తెర మీద పచ్చ అంకె.
"శుభ్రం," అన్నాడు తోబియాష్, జాబితాలో టిక్కు పెడుతూ.
చిమ్నీ నోట్లో పొగ లేదు.
దాని అంచున మంచు, కరగకుండా.
బయట మైనస్ పదకొండు.

జీపు ఇంజను ఆపేసి దిగాను.
గరిటె తీసుకోలేదు.
తలుపు కొట్టాను.
మళ్లీ కొట్టాను.
లోపల ఎక్కడో ఎవరో దగ్గారు.
ఆవిడో, గోడ అవతల పిల్లాడో,
చెవి పెట్టి వింటున్నాను.